ఎంబసీ గేటు డ్యూటీకి ఏ భాష నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడి ఉన్నాను. మా చుట్టాలబ్బాయి బండి స్టాండు వేసి దగ్గరికొచ్చాడు. కేంద్ర బలగంలో చేరి నాలుగేళ్లయింది, సెలవు మీద ఊరొచ్చాడు. "మావయ్యగారూ, విదేశాల్లో మన ఎంబసీల సెక్యూరిటీకి పేరు ఇస్తున్నానండి. ఒక ఫారిన్ లాంగ్వేజ్ వస్తే మంచిదంటున్నారు. ఏది నేర్చుకోమంటారు? హైదరాబాద్ వెళ్లాలాండి, ఆన్‌లైన్లో సరిపోద్దా?" అని అడిగాడు. పంటు ఈ ఒడ్డుకొచ్చేలోగా చెప్పే జవాబు కాదది. నరసాపురం వైపు దిగాక టీ కొట్టు దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నాం. అయినా సగం మిగిలిపోయింది. ఆ సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. కోనసీమ నుంచి, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి బలగాల్లో ఉన్న పిల్లలు ఇదే ప్రశ్న నన్ను చాలాసార్లు అడిగారు. నేను ఒక అరబ్బు దేశంలో మన మిషన్ (ఎంబసీ కార్యాలయం) గేటు దగ్గర మూడేళ్లు డ్యూటీ చేసి, తర్వాత రిటైరయినవాణ్ణి.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. గేటు దగ్గర నిలబడేవాడికి మాట్లాడడం కన్నా వినడం ముఖ్యం. ఏ భాష ఎంచుకున్నా, ఏ క్లాసులో చేరినా, అది మీ చెవిని ఎంత తయారుచేస్తుందో చూసి తేల్చుకోండి. ఈ మాట ఎందుకంటున్నానో నాకు జరిగింది చెబితే తెలుస్తుంది.

నలభై నిమిషాలు ఆగిన నీళ్ల ట్యాంకరు

వెళ్లే ముందు నాకు ఆరు వారాల ట్రైనింగ్ ఇచ్చారు. వంద వాక్యాలు బట్టీ పట్టించారు. నమస్కారం, దయచేసి ఆగండి, మీ గుర్తింపు కార్డు చూపించండి, బ్యాగు తెరవండి. అన్నీ నోటికి వచ్చాయి. పరీక్షలో మంచి మార్కులొచ్చాయి. ధీమాగా వెళ్లాను.

రెండో వారంలో, మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో నీళ్ల ట్యాంకరు వచ్చింది. రోజూ వచ్చే బండే, కానీ డ్రైవరు వేరు. లిస్టులో ఉన్న ఫొటో ఇతనిది కాదు. నేను బట్టీ పట్టిన వాక్యం చక్కగా అన్నాను. అతను జవాబు చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ అడిగాను, అతను మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా. "మరీద్, మరీద్" అంటూ చెయ్యి నుదుటి మీద పెట్టుకున్నాడు. నాకు టెన్షన్ పెరిగింది. తెలియని మనిషి, పెద్ద బండి, గేటుకు ఆనుకుని నిలబడింది. బండిని వెనక్కి పెట్టించి, కంట్రోల్ రూముకు చెప్పి, నలభై నిమిషాలు ఆపేశాను. చివరికి లోపల తోటపని చేసే పెద్దాయన వచ్చి చెప్పాడు, పాత డ్రైవరుకు జ్వరమట, అతని బదులు తమ్ముడు వచ్చాడట.

బండిని ఆపడం తప్పు కాదు. లిస్టులో లేని మనిషిని ఆపాల్సిందే. కానీ నన్ను ఈ రోజుకీ బాధపెట్టేది ఇంకొకటి. మరీద్ అంటే రోగి. హిందీలో మరీజ్ అంటామే, ఆ మాటే. పదేళ్లు ఉత్తరాదిలో పనిచేసినవాణ్ణి, మరీజ్ అన్న మాట ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. చివరి అక్షరం వేరుగా పలికేసరికి నా చెవి దాన్ని పట్టుకోలేకపోయింది. నాకు నేర్పించినవన్నీ నేను అడిగే ప్రశ్నలే. ఎదుటివాడు ఇచ్చే జవాబులు ఒక్కటి కూడా వినిపించలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు మన పెద్దలు, నిజమే. నా నోరు ఆ రోజు మంచిగానే ఉంది. చెవికి తర్ఫీదు లేదు.

గేటు దగ్గర ఎవరితో మాట్లాడతాం

భాష ఎంచుకునే ముందు ఇది తేల్చుకోవాలి. 1961 నాటి వియన్నా ఒప్పందం 22వ అధికరణం ప్రకారం, ఎంబసీ ఆవరణకు రక్షణ కల్పించే ప్రత్యేక బాధ్యత ఆతిథ్య దేశానిదే. అంటే గోడ బయట ఉండేది వాళ్ల పోలీసులు. మనం లోపల, గేటు దగ్గర ఉంటాం. కాబట్టి మనం ఎక్కువగా మాట్లాడాల్సిన మొదటి మనిషి బయట నిలబడ్డ స్థానిక పోలీసు. అతనికి ఇంగ్లీషు రాకపోవచ్చు. రెండో వర్గం మిషన్‌లో పనిచేసే స్థానికులు, అంటే డ్రైవర్లు, తోటమాలి, ఎలక్ట్రీషియన్, నీళ్లూ సరుకులూ తెచ్చేవాళ్లు. వీసా కోసం, పాస్‌పోర్టు కోసం వచ్చే జనం మూడో వర్గం. ఆ జనంలో సగంమంది మనవాళ్లే ఉంటారు. గల్ఫులో అయితే మన గోదావరి జిల్లాల ఆడవాళ్లు, కడప వైపు వాళ్లు, తెలంగాణ వాళ్లు. అక్కడ తెలుగే పనికొస్తుంది.

దౌత్యాధికారులకు భాష వేరే పని కోసం కావాలి. వాళ్లు పత్రికలు చదవాలి, చర్చల్లో కూర్చోవాలి. మన ఐఎఫ్‌ఎస్ (విదేశాంగ సర్వీసు) అధికారులు ఉద్యోగంలో చేరాక ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. వాళ్ల కోసం తయారైన కోర్సునే కుదించి మనకిస్తే అందులో వ్యాకరణం ఉంటుంది, కవిత్వం కూడా ఉంటుంది, బండి నంబరు మాత్రం ఉండదు.

భద్రతా సిబ్బందికి భాష ఎంత అవసరమో పెద్ద దేశాలు కూడా దెబ్బ తిన్నాకే తెలుసుకున్నాయి. 2012 సెప్టెంబరు 11న లిబియాలోని బెంగాజీలో అమెరికా కార్యాలయం మీద దాడి జరిగి రాయబారి క్రిస్టఫర్ స్టీవెన్స్ చనిపోయారు. ఆ డిసెంబరులో వచ్చిన విచారణ నివేదిక, భద్రతా సిబ్బందితో సహా ఉద్యోగులందరిలో భాషా సామర్థ్యాన్ని, ముఖ్యంగా అరబిక్‌ను, బాగా పెంచాలని సిఫారసు చేసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2008 జులై 7న కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు పేలింది. తెలుగువారైన దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు గారు, బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా గారు, ఇద్దరు ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) జవాన్లు, ఎందరో అఫ్గాన్ పౌరులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. భాష వస్తే ఆ దాడి ఆగేదని నేను అనడం లేదు, అలా అనడం వాళ్లకు అన్యాయం. గేటు అంటే ఎలాంటి చోటో గుర్తుండాలని చెబుతున్నాను.

గంటల లెక్కను మనకు మనం తిరగరాసుకోవాలి

నెట్లో వెతికితే మొదట కనిపించేది అమెరికా ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల లెక్క. ఆర్లింగ్టన్‌లో ఉన్న ఈ సంస్థ దౌత్యవేత్తలకూ, వాళ్ల భద్రతా ఏజెంట్లకూ భాషలు నేర్పుతుంది. వాళ్ల అనుభవంలో ఫ్రెంచి, స్పానిష్ లాంటివాటికి 24 నుంచి 30 వారాలు పడుతుంది. రష్యన్, పర్షియన్, హిందీ లాంటివాటికి 44 వారాలు, అంటే దాదాపు 1100 క్లాసు గంటలు. అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్‌లకు 88 వారాలు, 2200 గంటలు. ఆ 44 వారాల వరసలో మన తెలుగు కూడా ఉంది.

ఈ లెక్క చూసి భయపడకండి. ఇది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు, రోజంతా అదే పనిగా చదివి, సున్నా నుంచి ఐదు దాకా ఉన్న కొలతలో మూడో మెట్టు ఎక్కడానికి పట్టే కాలం. మూడో మెట్టు అంటే ఆఫీసు వ్యవహారాలు ధారాళంగా నడపగలగడం. గేటు డ్యూటీకి మొదటి మెట్టు దరిదాపులకు వస్తే చాలు. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్న యూరప్ కొలతలో చెప్పాలంటే వినడం ఏ2, మాట్లాడడం ఏ1 పూర్తయితే డ్యూటీ నడుస్తుంది. షిఫ్టు ఇన్‌చార్జికి బీ1 ఉంటే బాగుంటుంది.

పైగా మనం తెలుగువాళ్లం. మనకు హ్రస్వం, దీర్ఘం తేడా పుట్టుకతో వస్తుంది. ద్విత్వాలు కూడా అంతే. అరబిక్‌లో ఈ రెండిటి మీదే మాటల అర్థాలు మారిపోతాయి. ఇంగ్లీషువాడు ఇక్కడ నెలలు కష్టపడతాడు, మనకు మొదటి రోజే వినిపిస్తుంది. మనకున్న ఇబ్బంది వేరే. ప్రతి మాట చివరా అచ్చు చేర్చేస్తాం, బస్సు, కారు, పోస్టు అన్నట్టు. అరబిక్‌లోనూ ఫ్రెంచిలోనూ అలా చేర్చితే ఎదుటివాడికి మాట వేరేగా వినిపిస్తుంది. ఈ అలవాటు మానడానికి నాకు ఏడాది పట్టింది.

అరబిక్: మన దగ్గర ఇంటింటికీ ఒక టీచరు

గోదావరి డెల్టా పిల్లలకు నేను మొదట చెప్పేది అరబిక్. ఎందుకంటే కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు వైపు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లొచ్చినవాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. పదేళ్లు, పదిహేనేళ్లు అక్కడ ఇళ్లల్లో పనిచేసిన అత్తయ్యలు, పిన్నులు, అక్కలు ఉన్నారు. వాళ్ల చెవి బంగారం. యజమానురాలు వంటింట్లోంచి ఒకసారి అరిస్తే అర్థం చేసుకుని పనిచేసిన మనుషులు వాళ్లు. అంత వేగంగా పలికే అరబిక్‌ను విని అర్థం చేసుకోవడం ఏ కోర్సు నేర్పుతుంది? ఆ కష్టంలో సంపాదించిన చదువుకు ఊళ్లో ఎవరూ విలువ ఇవ్వకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అయితే ఇక్కడ ఒక పెద్ద జాగ్రత్త. అరబిక్‌లో ఆజ్ఞార్థకం మగవాళ్లకు ఒకలా, ఆడవాళ్లకు ఒకలా ఉంటుంది. రా అనడానికి మగవాణ్ణి తఆల్ అంటారు, ఆడమనిషిని తఆలీ అంటారు. వెళ్లు అనడానికి రూహ్, రూహీ. తీసుకురా అనడానికి జీబ్, జీబీ. మన పిన్ని పదిహేనేళ్లు విన్నదంతా తఆలీ, రూహీ, జీబీ. ఆమె నోటికి అదే అలవాటు. ఆమె దగ్గర నేర్చుకున్న కుర్రాడు గేటు దగ్గర గడ్డం ఉన్న పెద్దమనిషిని పట్టుకుని తఆలీ అన్నాడనుకోండి, ఆయనకు ఎంత అవమానంగా ఉంటుందో ఊహించండి. యూనిఫాంలో ఉన్నవాడు అంటే ఇంకా ఎక్కువ. కాబట్టి పిన్ని దగ్గర వినండి, కానీ పలికేటప్పుడు చివరి ఈకారం తీసేసి మగవాళ్ల రూపం అలవాటు చేసుకోండి. ఆమెనే అడగండి, ఇంట్లో డ్రైవరును మేడం ఎలా పిలిచేది అని. వెంటనే గుర్తొస్తుంది ఆవిడకి.

రెండో సంగతి, పుస్తకంలో ఉండే అరబిక్ వేరు, వీధిలో ఉండేది వేరు. ఎక్కడ అనడానికి పుస్తకంలో ఐనా, గల్ఫులో వేన్, ఈజిప్టులో ఫేన్. ఏమిటి అనడానికి పుస్తకంలో మాదా, కువైట్‌లో షినూ. ఇప్పుడు అనడానికి పుస్తకంలో అల్ఆన్, గల్ఫులో అల్హీన్. గేటు దగ్గర రోజూ వాడే బ్యాగు మాట కూడా పుస్తకంలో హకీబా, బయట శంతా లేదా జంతా. పోస్టింగు ఏ దేశమో తేలకముందు పుస్తకం అరబిక్‌తో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే బోర్డులు, నోటీసులు, వార్తలు అన్ని దేశాల్లోనూ అందులోనే ఉంటాయి. దేశం తేలిన రోజు నుంచి పూర్తిగా ఆ దేశపు మాండలికం వినాలి. రెండూ ఒకేసారి నేర్చుకుంటే కలగాపులగం అవుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. మనం ఇంట్లో గోదావరి యాసలో మాట్లాడి పేపరు చదవడం లేదా?

ఇక అంకెలు. మొదటి వారమంతా వీటికే ఇవ్వండి. అక్కడి అంకెల్లో ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. సున్నా ఒక చుక్క. ఆరు చూడ్డానికి ఇంగ్లీషు ఏడులా ఉంటుంది. ఏడు ఇంగ్లీషు వి అక్షరంలా, ఎనిమిది దాన్ని తిరగేసినట్టు. 560 అని ఉన్న డెలివరీ చీటీని కొత్తవాడు 07, పక్కన చుక్క అని చదువుతాడు. చాలా దేశాల్లో నంబరు ప్లేట్ల మీద రెండు రకాల అంకెలూ ఉన్నా, చేత్తో రాసిన చీటీల మీద ఇవే ఉంటాయి. పలికేటప్పుడు కూడా ఒకట్ల స్థానం ముందు వస్తుంది. ఇరవై ఐదును ఐదూ ఇరవై అంటారు. వాకీటాకీలో బండి నంబరు చెబుతున్నప్పుడు ఇది తారుమారైతే వేరే బండిని ఆపుతాం.

గొంతులోంచి వచ్చే అక్షరాలు మనకు లేవు. వాటికి మా ఊళ్లో మసీదు దగ్గర పిల్లలకు చదువు చెప్పే హజ్రత్ గారి దగ్గర కూర్చున్నాను. ఏ అక్షరం గొంతులో ఎక్కడి నుంచి రావాలో వాళ్లు చెప్పినంత శ్రద్ధగా వీడియోలు చెప్పవు. రెండు నెలలు, వారానికి మూడు రోజులు వెళ్లాను. డబ్బు తీసుకోలేదాయన. సెలవులో వెళ్లినప్పుడు ఖర్జూరం తీసుకెళ్లేవాణ్ణి.

ఫ్రెంచి, పర్షియన్, మిగతావి

ఫ్రెంచి ఎవరికి పనికొస్తుందంటే, ఆఫ్రికా పోస్టింగు కోరుకునేవాళ్లకు, ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో పోలీసుగా వెళ్లాలనుకునేవాళ్లకు. శాంతి దళాల పోలీసు ఎంపికలో భాష, డ్రైవింగ్, షూటింగ్ చూస్తారు. ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి వచ్చినవాడికి దారులు ఎక్కువ. మనకు పక్కనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉంది. అంతకు చాలాకాలం ముందు, పదిహేడో శతాబ్దంలో, డచ్చివాళ్లు పాలకొల్లులో, ఇంగ్లీషువాళ్లు నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో గిడ్డంగులు పెట్టుకుంటే, వాళ్లకూ మన నేతగాళ్లకూ మధ్య నిలబడి బేరం కుదిర్చినవాళ్లు దుబాసీలు, రెండు భాషలు వచ్చిన మన మనుషులు. ఈ నేలకు ఇది కొత్త విద్య కాదు.

ఫ్రెంచిలో మనకు సులువైనది నువ్వు, మీరు తేడా. మనలాగే వాళ్లకూ ఉంది, గేటు దగ్గర ఎప్పుడూ మీరు అనే రూపమే వాడాలి. కష్టమైనవి అంకెలు. 92 అనడానికి నాలుగు ఇరవైలు పన్నెండు అంటారు. కాంగోలో, బెల్జియంలో అయితే తొంభైకి నొనాంత్ అని వేరే మాట ఉంది. ప్యారిస్ ఫ్రెంచి మాత్రమే నేర్పే క్లాసులో ఇది చెప్పరు. కాంగో వెళ్లేవాడు కాంగో రేడియో వినాలి.

పర్షియన్ మన పిల్లలు అసలు తలుచుకోరు. నా దృష్టిలో ఇది తెలుగువాడికి అన్నిటికన్నా దగ్గరి దారి. వాక్యంలో క్రియ చివర వస్తుంది, మనలాగే. దర్వాజా, కాగితం, తయారు, హుషారు, జవాను, బజారు, ఇవన్నీ మనం రోజూ వాడే మాటలే, అక్కడివే. హిందీ బాగా వచ్చిన జవానుకు ఇంకా ఎన్నో మాటలు తెలిసినవే వస్తాయి. ఇరాన్‌లో దాన్ని ఫార్సీ అంటారు, కాబూల్‌లో దరీ అంటారు. కాబూల్‌కైతే పష్తో కూడా కొంచెం వినాల్సి ఉంటుంది.

నేపాలీకి క్లాసు అక్కర్లేదు. హిందీ వచ్చి, దేవనాగరి చదవగలిగితే రెండు నెలల్లో చెవికి పట్టుబడుతుంది. రష్యన్‌కు లిపి పది రోజుల పని, వ్యాకరణం ఏడాది పని. పోస్టింగు ఖాయమైతేనే మొదలుపెట్టండి. చైనీస్ కూడా అంతే, శాఖ పంపిస్తే తప్ప సొంతంగా వద్దు. స్పానిష్ పలకడం తెలుగువాడికి చాలా తేలిక, కానీ మన భద్రతా సిబ్బందికి ఆ దేశాల అవకాశాలు తక్కువ.

ఎక్కడ నేర్చుకోవాలి

మీ శాఖే పంపిస్తే రెండో ఆలోచన పెట్టుకోకండి. ఢిల్లీలో రక్షణ శాఖ వాళ్ల స్కూల్ ఆఫ్ ఫారిన్ లాంగ్వేజెస్ 1948 నుంచి ఉంది. అరబిక్, పర్షియన్, పష్తో, బర్మీస్, సింహళం లాంటి మనకు పనికొచ్చే భాషలు అక్కడ ఉన్నాయి. జీతం వస్తూ, డ్యూటీగా చదువుకునే అవకాశం అది. పై అధికారికి దరఖాస్తు రాయడానికి మొహమాటపడే పిల్లల్ని చూశాను. రాయండి. మహా అయితే కుదరదంటారు.

హైదరాబాద్‌లో ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లీషు సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అరబిక్, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్, పర్షియన్ అన్నీ అక్కడ ఉన్నాయి. ఫ్రెంచికైతే అలియాన్స్ ఫ్రాన్సేజ్ కూడా ఉంది, డెల్ఫ్ అనే ఫ్రెంచి సర్టిఫికెట్ పరీక్షకు పేరున్న చోటు. ఈ రెండిటి గొప్పతనం పునాది. సర్టిఫికెట్‌కు ఎక్కడైనా విలువ ఉంటుంది. లోపం మనకు దూరం. అమలాపురం నుంచి హైదరాబాద్ అంటే రాత్రంతా బస్సు. నెలరోజుల సెలవు మీద వచ్చినవాడు ఇంటినీ పిల్లల్నీ వదిలి అక్కడ గది తీసుకోవడం నేను సలహా ఇవ్వలేను. పోస్టింగు హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు మాత్రం ఇదే మంచి దారి.

ఇగ్నో సర్టిఫికెట్ కోర్సులు దూరవిద్యలో ఉన్నాయి, అరబిక్, ఫ్రెంచి, రష్యన్, పర్షియన్ లాంటివి. యూనిట్ ఎక్కడికి మారినా చదువు ఆగదు, ఖర్చు తక్కువ, కాగితం చేతికొస్తుంది. కానీ పుస్తకం చేతిలో పెట్టుకుని ఒంటరిగా చదివే చదువు ఇది. చెవికి ఏమీ అందదు. దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఆన్‌లైన్ ట్యూటరు, అంటే ఆ దేశపు మనిషితోనే వీడియో కాల్లో గంట గంట మాట్లాడడం, నా లెక్కలో గేటు డ్యూటీకి అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది. వేరువేరు గొంతులు వినొచ్చు. ఈ వారం ఈజిప్టు ఆయన, వచ్చే వారం జోర్డాన్ ఆవిడ. పాఠం మీరే చెప్పి చేయించుకోవచ్చు. "నువ్వు సరుకుల బండి డ్రైవరువి, నీ కార్డు మర్చిపోయావు, నేను గార్డుని" అని నాటకంలా ఆడండి. అయితే భద్రతా ఉద్యోగంలో ఉన్నవాళ్లం కాబట్టి ఒక గీత దాటకూడదు. మీ ఉద్యోగం ఏమిటో, ఏ ఊరు, ఏ నెలలో వెళ్తున్నారో ట్యూటరుకు చెప్పొద్దు. ఎంబసీ గేటు అనకండి, ఆసుపత్రి గేటు అనండి, బ్యాంకు గేటు అనండి. మాటలు అవే. యూనిఫాంలో కూర్చుని కాల్ చెయ్యకండి, వెనక బ్యారక్ కనిపించకూడదు. యూనిట్లో దీనికి అనుమతి కావాలంటే తీసుకున్నాకే మొదలుపెట్టండి.

యాప్‌లు అక్షరాలకూ మాటలకూ బాగానే ఉంటాయి. అక్కడితో ఆగండి. యాప్‌లో గొంతు నెమ్మదిగా, శుభ్రంగా పలుకుతుంది. గేటు దగ్గర ఇంజన్ మోత, ఎండ, కోపం అన్నీ కలిసి ఉంటాయి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఇందాక చెప్పిన అమెరికా సంస్థ పాత కోర్సులు, పుస్తకమూ ఆడియోతో సహా, నెట్లో ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వం తయారుచేసినవి కాబట్టి కాపీరైట్ గొడవ లేదు. అరబిక్, ఫ్రెంచి, ఇంకా ఎన్నో ఉన్నాయి. దశాబ్దాల నాటివి, మొబైలు అన్న మాటే ఉండదు. అయినా వాటిలో డ్రిల్లు చాలా గట్టిది. టేపులో ఒక వాక్యం వస్తుంది, ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో మీరు అనాలి. తర్వాత ఒక మాట మారుస్తాడు, మీరు వాక్యమంతా మార్చి అనాలి. పరేడ్ గ్రౌండులో డ్రిల్లు చేసిన మనకు ఇది ఒంటికి పడుతుంది. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, అది కొంచెం ఇబ్బంది.

ఫీజు కట్టే ముందు ఏ క్లాసునైనా ఒక్క పరీక్ష పెట్టండి. మొదటి క్లాసుకు ఊరికే కూర్చుంటానని అడగండి. టీచరును ఆ భాషలో ఒక పది అంకెల ఫోన్ నంబరు మామూలు వేగంతో రెండుసార్లు చెప్పమనండి. నెల రోజులు చదివిన పాత విద్యార్థి దాన్ని రాయగలిగాడా చూడండి. రాయలేకపోతే ఆ క్లాసు మీకు కాదు. ఎంబసీకి బెదిరింపు కాల్ వస్తే ఎత్తేది మనమే. ఎక్కడ, ఎప్పుడు, ఎలా ఉంది అన్న మూడు ప్రశ్నలకు అతను చెప్పే జవాబులో చోటూ టైమూ చెవిన పడాలి. అక్కడ రెండోసారి చెప్పమనే వీలుండదు.

ఎంత టైముంటే ఏం చెయ్యాలి

ఆరు వారాలే ఉంటే వాక్యాలు బట్టీ పట్టొద్దు. అంకెలు, రంగులు, బండ్ల రకాలు, వారాలు, చుట్టరికాలు, జబ్బు మాటలు, దిక్కులు, ఇవి విని పోల్చుకోవడం మీద పెట్టండి. తమ్ముడు, అన్న, కొడుకు, రోగి, సెలవు, రేపు. మనుషులు మారినప్పుడు గేటు దగ్గర చెప్పే కారణాలు దాదాపు ఇవే. మాట్లాడడానికి పది వాక్యాలు చాలు, అందులో ఒకటి "నెమ్మదిగా చెప్పండి" అన్నది అయ్యుండాలి.

ఆరు నెలలుంటే ఇగ్నో లాంటి కోర్సు ఒకటి పునాదికి, వారానికి రెండు గంటలు ట్యూటరు చెవికి, రోజూ ఇరవై నిమిషాలు ఆ దేశపు రేడియో. ఏడాది పైన ఉండి హైదరాబాద్‌లో ఉంటే ఇఫ్లూ. శాఖ పంపితే ఢిల్లీ. స్థానిక సిబ్బందిలో దుబాసీగా పనికొచ్చేవాళ్లు ఉంటారు కదా అని కొందరు ఊరుకుంటారు. ఉంటారు, మంచివాళ్లే ఉంటారు. కానీ రాత్రి రెండు గంటలకు గేటు దగ్గర వాళ్లు ఉండరు.

మా చుట్టాలబ్బాయి విషయానికొస్తే, అతనికి ఇంకా ఏడు నెలల టైముంది, గల్ఫు దేశం అడుగుతున్నాడు. ఇగ్నో అరబిక్‌లో చేరమన్నాను. వాళ్ల పిన్ని పదకొండేళ్లు కువైట్‌లో ఉండొచ్చింది. రోజూ ఒక నిమిషం ఆమె గొంతు ఫోన్లో రికార్డు చేసి పంపమని అడిగించాను, మేడం ఏమనేది, డ్రైవరు ఏమనేవాడు, కూరగాయల అబ్బాయి ఎలా అరిచేవాడు అని. ఆమె మొదట సిగ్గుపడి, నాకేం వచ్చండీ అంది. ఇప్పటికి తొమ్మిది క్లిప్పులు వచ్చాయి. నాలుగో క్లిప్పులో డ్రైవరు గొంతు అనుకరిస్తూ ఆమె చెప్పింది, ఈ రోజు బండి రాదు, మా అన్నకు మరీద్ అని. ఆ కుర్రాడు మొదటిసారి విన్నప్పుడే పట్టుకున్నాడు.